భూతాప విద్యుత్కేంద్ర విస్తరణకు కార్బన్ క్రెడిట్ల సొమ్ము: పొరుగు ఊళ్లకు చేరేది ఎంత, ఎలా?

భూగర్భంలోని వేడితో కరెంటు తీసే భూతాప విద్యుత్కేంద్రాలను విస్తరించడానికి కార్బన్ క్రెడిట్లు, అంటే తగ్గించిన కర్బన ఉద్గారాలకు దక్కే ధ్రువపత్రాలు, అమ్మి నిధులు సమకూర్చుకుంటారనీ, అందులో కొంత భాగం చుట్టుపక్కల ప్రజలకు బడి, తాగునీరు, రోడ్డు వంటి రూపాల్లో అందుతుందనీ చదివానంటూ, ఇది నిజంగా జరుగుతుందా లేక ప్రచారం కోసం చెప్పే మాటేనా అని మీరు అడిగారు. జరుగుతుంది, కానీ మీ ప్రశ్నలో ధ్వనించిన వరుసలో జరగదు. క్రెడిట్ల సొమ్ముతో కేంద్రాన్ని కట్టరు; కేంద్రాన్ని అప్పుతో కడతారు, కరెంటు అమ్మి ఆ అప్పు తీరుస్తారు. క్రెడిట్ల ఆదాయం ఆ లెక్కకు పక్కన వచ్చి చేరే చిన్న పద్దు. ఆ చిన్న పద్దులో పొరుగువారికి వాటా ఉందా లేదా అన్నది క్రెడిట్ల కొనుగోలు ఒప్పందంలో ఏమి రాసుకున్నారన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఇటువంటి ప్రాజెక్టుల పత్రాలను పరిశీలించే పనిలో చాలాకాలంగా ఉన్నాను కనుక, నాకు బాగా పరిచయమైన కెన్యాలోని ఒల్కారియా ఉదాహరణతోనే వివరిస్తాను.

ఒల్కారియా నైరోబీకి వాయవ్యంగా, నైవాషా సరస్సుకు దక్షిణాన, హెల్స్ గేట్ జాతీయ పార్కు పరిసరాల్లో ఉంది. తూర్పు ఆఫ్రికా పగులు లోయలో భూమి పైపొర సాగి పలుచబడటం వల్ల అక్కడ శిలాద్రవపు వేడి తక్కువ లోతులోనే దొరుకుతుంది. 1981లో 15 మెగావాట్లతో మొదలైన ఒల్కారియా-1 కేంద్రం 1985 నాటికి 45 మెగావాట్లకు చేరింది. 70 మెగావాట్ల ఒల్కారియా-2 కేంద్రం 2003లో ఉత్పత్తి ప్రారంభించగా, 2010లో 35 మెగావాట్ల మూడో యూనిట్‌ను చేర్చడంతో దాని సామర్థ్యం 105 మెగావాట్లయింది. మీరు చదివిన కథనాల్లో ‘కార్బన్ క్రెడిట్లతో విస్తరణ’ అని తరచూ కనిపించేది ఈ మూడో యూనిట్ గురించే. యజమాని కెన్‌జెన్ అనే విద్యుదుత్పత్తి సంస్థ. పొరుగున ఉండేది ప్రధానంగా మాసాయి పశుపోషకులు. ఆవిరిని మోసుకెళ్లే గొట్టాలు పార్కు గుండా సాగుతాయి. జిరాఫీల వంటి జంతువులు అడ్డంకి లేకుండా దాటేందుకు ఆ గొట్టాలను అక్కడక్కడ తోరణంలా పైకి ఎత్తి మళ్లీ కిందికి దించారు. జంతువులకు దారి విడవడం గొట్టాల నమూనాలోనే చేరిపోయింది. మనుషుల మేతభూముల సంగతి అంత సులువుగా తేలలేదు. దాని గురించి తర్వాత చెబుతాను.

భూతాప విద్యుత్తులో ఇంధనం కొనే ఖర్చు లేదు, కేంద్రం ఏడాదిలో తొంభై శాతం సమయం నడవగలదు. అయినా పెట్టుబడి పెట్టేవారు వెనకాడటానికి కారణం బావులు. రెండు మూడు కిలోమీటర్ల లోతు బావి తవ్వడానికి పదుల లక్షల డాలర్లు పెట్టిన తర్వాత గాని అందులో తగినంత ఆవిరి ఉందో లేదో తెలియదు. ఆవిరి రాని బావికీ రిగ్గు (తవ్వే యంత్రం) అద్దె, సిమెంటు, ఉక్కు గొట్టాల ఖర్చు ఒకటే. కెన్యా ప్రభుత్వం 2008లో భూతాప అభివృద్ధి సంస్థను విడిగా ఏర్పాటు చేసి, తవ్వకాల తొలి నష్టభయాన్ని ప్రభుత్వమే మోసే పద్ధతి తెచ్చింది కూడా ఇందుకే. విస్తరణ విషయంలో ఈ భయం కొంత తగ్గుతుంది, ఎందుకంటే క్షేత్రం స్వభావం అప్పటికే తెలిసి ఉంటుంది. ఏమైనా, తవ్వకాల దశలో కార్బన్ క్రెడిట్లు ఎవరినీ ఆదుకోవు. క్రెడిట్లకు డబ్బు వచ్చేది యంత్రం తిరిగి, మీటరు కదిలి, తనిఖీ పూర్తయిన తర్వాతే.

ఇక క్రెడిట్ ఎలా పుడుతుందో చూద్దాం. వాతావరణ మార్పులపై కుదిరిన క్యోటో ఒప్పందం కింద వచ్చిన స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం, అంటే సీడీఎం, ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును ఒక క్రెడిట్‌గా గుర్తించింది. భూతాప కేంద్రం లేకపోతే అదే కరెంటు గ్రిడ్‌లోని ఇతర కేంద్రాల నుంచి వచ్చేదని భావించి, ఆ కేంద్రాలు ఒక యూనిట్ (కిలోవాట్-అవర్) కరెంటుకు ఎంత కర్బనం వదులుతాయో లెక్కిస్తారు. కెన్యా గ్రిడ్‌లో అప్పట్లో జలవిద్యుత్తుదే పెద్ద వాటా కనుక ఈ లెక్క తేలిగ్గా తేలేది కాదు. వానలు బాగా కురిసిన ఏడాది గ్రిడ్ శుభ్రంగా కనిపిస్తుంది. కరవు వస్తే జలాశయాలు అడుగంటి, అద్దె డీజిల్ జనరేటర్లు తెచ్చి నడపవలసి వస్తుంది. అందుకే నడుస్తున్న కేంద్రాల ఉద్గారాలను, కొత్తగా కట్టిన కేంద్రాల ఉద్గారాలను కలిపి ఒక సగటు తీసే పద్ధతిని నిబంధనల్లో పెట్టారు. ఒల్కారియా-2 విస్తరణకు ఏటా సుమారు 1.5 లక్షల టన్నుల తగ్గింపు వస్తుందని అంచనా వేశారు. ఆ అంచనా సబబేనా అని మీరే సరిచూసుకోవచ్చు. 35 మెగావాట్ల యూనిట్ ఏడాదిలో తొంభై శాతం సమయం నడిస్తే సుమారు 27.5 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. 1.5 లక్షల టన్నులను దానితో భాగిస్తే యూనిట్‌కు దాదాపు 545 గ్రాములు తేలుతుంది. ఫర్నేస్ ఆయిల్‌తో నడిచే కేంద్రం యూనిట్‌కు ఆరేడు వందల గ్రాములు వదులుతుంది కనుక, కొంత నూనె, కొంత జలశక్తి కలిసిన గ్రిడ్‌కు ఈ సంఖ్య నమ్మదగినదే.

ఈ లెక్కలో చాలామంది చదవకుండా దాటేసే భాగం ఒకటుంది. భూగర్భం నుంచి వచ్చే ఆవిరితోపాటు చల్లబరిచినా నీరుగా మారని వాయువులు కూడా వస్తాయి. వాటిలో కార్బన్ డయాక్సైడ్‌ది పెద్ద వాటా, కొద్దిగా మీథేన్, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటాయి. ఏసీఎం0002 అనే సీడీఎం పద్ధతి ప్రకారం ఈ వాయువుల నమూనాలను కనీసం మూడు నెలలకోసారి తీసి ప్రయోగశాలలో విశ్లేషించి, ఆవిరి ప్రవాహంతో గుణించి, వచ్చిన ఉద్గారాలను తగ్గింపు నుంచి తీసివేయాలి. ఒల్కారియాలో ఈ వాయువుల శాతం తక్కువ కనుక తీసివేత స్వల్పం. టర్కీ పశ్చిమ ప్రాంతంలో పరిస్థితి వేరు. అక్కడ వేడినీరు సున్నపురాయి, పాలరాయి పొరల గుండా రావడం వల్ల కొన్ని కేంద్రాలు తొలి సంవత్సరాల్లో బొగ్గు కేంద్రాలతో పోల్చదగినంత కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. కాబట్టి ‘భూతాపం అంటే ఉద్గారాలు లేనిదే’ అని ఎక్కడైనా రాసి ఉంటే, వాయు విశ్లేషణ పట్టికలు చూసేదాకా నమ్మకండి.

విస్తరణ ప్రాజెక్టుకు మరొక పరీక్ష ఉంది. కొత్త యూనిట్ పాత యూనిట్ల క్షేత్రం నుంచే ఆవిరి తీసుకుంటే, పాతవాటి ఉత్పత్తి పడిపోవచ్చు. అప్పుడు కొత్త మీటరు చూపే కరెంటు మొత్తాన్నీ అదనపు ఉత్పత్తిగా చెప్పుకోవడం కుదరదు. కేంద్రం మొత్తం ఉత్పత్తిని పాత సంవత్సరాల ఉత్పత్తితో పోల్చి, నికరంగా పెరిగినంతే పరిగణించాలి. క్షేత్రంలో పీడనం తగ్గకుండా, వాడిన నీటిని తిరిగి లోపలికి పంపే బావులు సరిగా పనిచేస్తున్నాయా అన్న ప్రశ్న ఇంజినీర్లకు ఎంత ముఖ్యమో క్రెడిట్ల లెక్కకూ అంతే ముఖ్యం.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. టన్నుకు 10 డాలర్లు వస్తాయనుకుంటే, 1.5 లక్షల టన్నులకు ఏడాదికి 15 లక్షల డాలర్లు, పదేళ్లకు 1.5 కోట్ల డాలర్లు. భూతాప కేంద్రానికి మెగావాట్‌కు 30 నుంచి 50 లక్షల డాలర్లు ఖర్చవుతుందనుకుంటే 35 మెగావాట్లకు 10.5 నుంచి 17.5 కోట్ల డాలర్లు కావాలి. అంటే పదేళ్లపాటు అందే క్రెడిట్ల సొమ్మంతా కలిపినా పెట్టుబడిలో పదో వంతుకు కొంచెం అటూ ఇటూ. ఇది తీసిపారేయదగిన మొత్తం కాదు. అప్పు ఇచ్చేవారి ముందు ప్రాజెక్టు లాభదాయకతను ఒకటి రెండు మెట్లు పైకి తీసుకెళ్లగలదు. కానీ ‘కార్బన్ క్రెడిట్లతో కట్టిన కేంద్రం’ అన్న శీర్షిక మాత్రం అతిశయోక్తి. అదే సొమ్మును ఊరి వైపు నుంచి చూస్తే బొమ్మ మారిపోతుంది. పెట్టుబడిదారుకు చిల్లరగా కనిపించే 15 లక్షల డాలర్లలో ఇరవయ్యో వంతు, అంటే ఏటా 75 వేల డాలర్లు, ఒక మారుమూల ఊరి బడికీ నీటి గొట్టానికీ పెద్ద సాయం. ఈ ఏర్పాటులోని అసలు అవకాశం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఒల్కారియా-2 విస్తరణలో ఆ అవకాశాన్ని వాడుకోగలిగారంటే కారణం కొనుగోలుదారు. ప్రపంచ బ్యాంకు 2003లో సమాజాభివృద్ధి కార్బన్ నిధిని ప్రారంభించింది. ప్రభుత్వాలు, కంపెనీలు అందులో 12 కోట్ల డాలర్లకు పైగా జమచేశాయి. మామూలు కొనుగోలుదారు టన్నుల వరకే చూస్తాడు. ఈ నిధి మాత్రం టన్నులతోపాటు స్థానిక ప్రజలకు కొలవదగిన మేలు జరగాలని షరతు పెట్టి, అందుకోసం ధరలో కొంత అదనం చెల్లించేది. కెన్‌జెన్‌తో కుదిరిన ఒప్పందంలో ఆ అదనపు సొమ్ము మాసాయిల బడి గదులు, తాగునీరు, దారి వంటి పనులకు వెళ్లాలని ఏర్పాటైంది. ఏ పనులు కావాలో స్థానికులతో మాట్లాడి ప్రణాళిక రాయాలి, అమలైందో లేదో నివేదించాలి. ఈ నివేదన బాధ్యతే కీలకం. కంపెనీలు సామాజిక బాధ్యత పేరుతో చేసే దానాలను వద్దనుకున్న ఏడాది ఆపేయవచ్చు. కొనుగోలు ఒప్పందంలో రాసిన పనిని ఆపితే కొనుగోలుదారు ప్రశ్నిస్తాడు.

అయితే క్రెడిట్ల ధర ఎప్పుడూ నిలకడగా ఉండదు. సీడీఎం క్రెడిట్ 2008లో 20 యూరోలు దాటింది; 2012 చివరికి ఒక యూరో కన్నా తక్కువకు పడిపోయింది. ఈ క్రెడిట్లను ఎక్కువగా కొనే ఐరోపాలో ఆర్థిక మాంద్యం వల్ల పరిశ్రమల అవసరం తగ్గింది. క్రెడిట్ల సరఫరా విపరీతంగా పెరిగింది. పైగా 2012 తర్వాత నమోదయ్యే ప్రాజెక్టుల్లో అత్యంత వెనుకబడిన దేశాలవి మాత్రమే తమ మార్కెట్లో చెల్లుతాయని ఐరోపా నిర్ణయించింది. కెన్యా ఆ జాబితాలో లేదు. అర డాలరు ధరకు 1.5 లక్షల టన్నులు అమ్మితే 75 వేల డాలర్లు వస్తాయి. తనిఖీ సంస్థకు చెల్లించవలసిన రుసుములు, రిజిస్ట్రేషన్ ఖర్చులు అందులో పెద్ద భాగాన్ని మింగేస్తాయి. ముందుగానే స్థిర ధరకు ఒప్పందం చేసుకున్నవారు గట్టెక్కారు, బజారు ధరను నమ్ముకున్నవారు చేతులెత్తేశారు. అందుకే ఊరికి చేరవలసిన సొమ్మును ‘క్రెడిట్ల ఆదాయంలో ఇంత శాతం’ అని మాత్రమే రాసుకోవడం నాకు నచ్చదు. ధర పడిపోయిన ఏడాది బడి టీచరు జీతం కూడా పడిపోతుంది. కనీస మొత్తం ఇంత, ధర పెరిగితే దానిపై అదనంగా ఇంత అని రాసుకోవాలి.

ఇక ముందు చెబుతానన్న భూమి విషయం. ఒల్కారియా-4 కేంద్రం, ఒల్కారియా-1లోని నాలుగు, ఐదు యూనిట్లు కలిపి 280 మెగావాట్ల విస్తరణ 2014–15లో పూర్తయింది. ఇవి కూడా సీడీఎంలో నమోదైన ప్రాజెక్టులే. ఒల్కారియా-4 కోసం నాలుగు ఊళ్లకు చెందిన సుమారు 150 మాసాయి కుటుంబాలను 2014లో కొత్త స్థలానికి తరలించారు. అక్కడ పక్కా ఇళ్లు, బడి, ఆరోగ్య కేంద్రం కట్టారు. అయినా ఆ ఏడాదే నిర్వాసితులు, ప్రాజెక్టుకు అప్పు ఇచ్చిన ప్రపంచ బ్యాంకు తనిఖీ మండలికీ, యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికీ ఫిర్యాదు చేశారు. ఇచ్చిన భూమిలో వాగులు, కోతలు ఎక్కువని, పర్యాటకుల మీద ఆధారపడిన సంపాదన పోయిందని, అర్హుల లెక్కలో కొందరిని వదిలేశారని, భూమి పట్టా తమ పేరిట రాలేదని వారి ఆరోపణలు. మూలవాసులకు సంబంధించిన ప్రపంచ బ్యాంకు విధానాన్ని సరిగా అన్వయించలేదని, సంప్రదింపుల్లో మాసాయిలు మాట్లాడే ‘మా’ (Maa) అనే భాషను తగినంతగా వాడలేదని తనిఖీ మండలి తేల్చింది. తర్వాత జరిగిన మధ్యవర్తిత్వంలో 2016లో కెన్‌జెన్‌కు, ఆ కుటుంబాలకు మధ్య ఒప్పందం కుదిరింది.

దీన్ని బట్టి విస్తరణే తప్పని నేను అనడం లేదు. నేడు కెన్యా విద్యుదుత్పత్తిలో నలభై శాతానికి పైగా భూతాపం నుంచే వస్తోంది. కరవొస్తే డీజిల్ వైపు పరుగెత్తే రోజులు చాలావరకు తగ్గాయి. కానీ క్రెడిట్ల సొమ్ముతో కట్టిన బడి గదులు, తరలింపులో పోయిన మేతభూమికి పరిహారం కావు. ఈ రెండింటినీ ఒకే పద్దులో చూపించే నివేదికలు నాకు తరచూ ఎదురవుతుంటాయి. పునరావాసం ప్రాజెక్టు మూలధన ఖర్చులో భాగం. అది చట్టప్రకారం బాకీ. సమాజాభివృద్ధి నిధి ఆ బాకీ తీరిన తర్వాత వచ్చే లాభంలో వాటా. మొదటిదాన్ని రెండోదాని పేరుతో చెల్లిస్తున్నారేమో చూడటం తనిఖీ చేసేవారి మొదటి పని కావాలి.

మరో అపోహ కూడా తొలగించాలి. కేంద్రం పక్కనే ఉన్న ఊళ్లకు కరెంటు దానంతటదే రాదు. కెన్‌జెన్ ఉత్పత్తి చేసే కరెంటును కెన్యా పవర్ అనే పంపిణీ సంస్థకు టోకున అమ్ముతుంది. ఇళ్లకు తీగలు లాగే బాధ్యత ఆ సంస్థది. ఆకాశంలో హైటెన్షన్ తీగలు, కింద కిరోసిన్ దీపాలు అన్న దృశ్యం చాలా దేశాల్లో కనిపించడానికి కారణం ఈ విభజనే. స్థానికులకు కరెంటు ఇవ్వడమే ప్రధాన ప్రయోజనమని ప్రాజెక్టు పత్రంలో రాసి ఉంటే, దానికి పంపిణీ సంస్థ సంతకం ఉందో లేదో చూడండి. ఉద్యోగాల విషయమూ ఇంతే. తవ్వకాలు, నిర్మాణం జరిగే రెండు మూడేళ్లు కూలీల అవసరం ఎక్కువ. కేంద్రం నడవడం మొదలయ్యాక కొద్దిమంది నిపుణులు చాలు. వేడినీటిని నేరుగా వాడుకునే పనులకు మాత్రం భవిష్యత్తు ఉంది. నైవాషా దగ్గర పూలతోటల గాజు గృహాలను భూతాపంతో వెచ్చబరిచి, బావి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మొక్కలకు అందించారు. అటువంటి చోట ఉపాధి ఎక్కువకాలం నిలుస్తుంది.

ప్రస్తుతం కొత్త భూతాప ప్రాజెక్టుకు ఇదే దారి తెరిచి ఉందా అంటే, బాగా ఇరుకైంది. క్రెడిట్ల సొమ్ము లేకపోతే ప్రాజెక్టు జరిగేది కాదని నిరూపించాలన్నది మూల నియమం. కెన్యాలో భూతాపం ఇప్పుడు అన్నిటికన్నా చౌకైన వనరుల్లో ఒకటి. ప్రభుత్వ విద్యుత్ ప్రణాళికే దాన్ని ముందు వరుసలో పెట్టింది. ఎలాగూ కట్టబోయే దానికి క్రెడిట్లు ఎందుకన్న ప్రశ్నకు గట్టి జవాబు దొరకడం కష్టం. కంపెనీలు చట్టం బలవంతం లేకుండా తమంతట తాము క్రెడిట్లు కొనే స్వచ్ఛంద మార్కెట్లో, క్రెడిట్లను నమోదు చేసే వెరా సంస్థ 2019లో తెచ్చిన నిబంధనలతో, అత్యంత వెనుకబడిన దేశాలు కానిచోట గ్రిడ్‌కు అనుసంధానమయ్యే పెద్ద పునరుత్పాదక కేంద్రాలను చేర్చుకోవడం ఆపేసింది. ఈ మార్కెట్లో క్రెడిట్ల నాణ్యతను తేల్చే స్వచ్ఛంద కార్బన్ మార్కెట్ సమగ్రతా మండలి 2024 ఆగస్టులో, అప్పటికి వాడుకలో ఉన్న పునరుత్పాదక విద్యుత్ పద్ధతులు తమ నాణ్యతా ముద్రకు తగవని ప్రకటించింది. ఈ కాఠిన్యం సమంజసమేనని నా ఉద్దేశం. నష్టభయం ఇంకా ఎక్కువగా ఉన్న, భూతాప పరిశ్రమ మొదలుకాని పేద దేశాల్లో తొలి బావులకు మాత్రం మినహాయింపు న్యాయమే. పారిస్ ఒప్పందం ఆరో అధికరణం కింద సీడీఎం స్థానంలో కొత్త యంత్రాంగం వచ్చింది. అందులో ఒక దేశం అమ్మిన తగ్గింపును తన సొంత లక్ష్యంలో మళ్లీ లెక్కించుకోకూడదు. అంటే అమ్మడానికి ప్రభుత్వ అనుమతి కావాలి, ఆ అనుమతికీ ఒక విలువ ఉంటుంది.

ఊళ్ల వాటా విషయంలో మాత్రం చట్టం ముందుకు వెళ్లింది. కెన్యా 2023లో తన వాతావరణ మార్పుల చట్టాన్ని సవరించి, కార్బన్ ప్రాజెక్టులకు సమాజాభివృద్ధి ఒప్పందం అన్న పద్ధతిని తెచ్చింది. భూమి ఆధారిత ప్రాజెక్టులైతే ముందటి ఏడాది ఆదాయంలో కనీసం 40 శాతం, ఇతర ప్రాజెక్టులైతే కనీసం 25 శాతం స్థానిక సమాజానికి ఇవ్వాలని, ఈ ఆదాయాన్ని నిర్వహణ ఖర్చులు పోగా లెక్కించాలని అందులో ఉంది. ఒకప్పుడు ఒక కొనుగోలుదారు పెట్టిన షరతు ఇప్పుడు చట్టబద్ధమైన హక్కయింది. ‘ఖర్చులు పోగా’ అన్న రెండు మాటల దగ్గరే రాబోయే తగాదాలన్నీ ఉంటాయని నా అంచనా. ఖర్చుల పద్దును ఎవరు రాస్తారు, ఎవరు ఆడిట్ చేస్తారు అన్నది ఒప్పందంలో ముందే తేల్చుకోకపోతే 25 శాతం కాగితం మీదే కరిగిపోతుంది.

మీరు ఏదైనా ఒక ప్రాజెక్టును దృష్టిలో పెట్టుకుని అడుగుతున్నట్లయితే, ముందుగా దాని ప్రాజెక్టు రూపకల్పన పత్రంలో స్థానికుల సంప్రదింపుల అధ్యాయం తెరవండి. సమావేశం ఏ భాషలో జరిగింది, ఎవరు హాజరయ్యారు, ఏమి అభ్యంతరం చెప్పారు, దానికి ఏ జవాబిచ్చారు అన్నవి అందులో ఉండాలి. అభ్యంతరాలేవీ రాలేదని రాసి ఉంటే, నా అనుభవంలో అది సమావేశం సరిగా జరగలేదనడానికే ఎక్కువసార్లు సూచన. తర్వాత పర్యవేక్షణ నివేదికలు తీసి, జారీ అయిన క్రెడిట్ల సంఖ్యను ఊరికి చేసిన ఖర్చు తేదీలతో పక్కపక్కన పెట్టి చూడండి. సీడీఎం ప్రాజెక్టుల పత్రాలన్నీ ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ప్రాజెక్టు పేరు తెలిపితే, ఏ నివేదికలో ఏ పట్టిక చూడాలో చెప్పగలను.